తెర నల్లబడ్డ మూడు రోజులు

ప్రెస్సులో ఆయన్ని అందరూ పాయింటు గారనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. అచ్చుపనిలో అక్షరం కొలతని పాయింట్లలో చెబుతారు. పదా పదకొండా అని మిగతావాళ్ళు స్కేలు పెట్టి తేల్చుకుంటుంటే, ఆయన నిలబడ్డచోటి నుంచే ఓ చూపు చూసి, "పదిన్నర. ఎవడో మధ్యలో మార్చాడు," అనేవాడు. వెతికితే నిజంగానే ఎవడో మార్చి ఉండేవాడు.

ఆయనకిప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో పనిలో చేరాడు. ఆ అక్షరాలన్నీ తూకానికి పోయాక కంప్యూటరు ముందుకి మారాడు. ఆరేళ్ళ నుంచీ ఇంట్లోనే కూర్చుని, అక్షరాలూ బొమ్మలూ సర్ది పుస్తకాలకి పేజీలు కడుతున్నాడు. పెళ్ళి ఊసు ఎత్తినప్పుడల్లా తప్పించుకు తిరిగి, చివరికి ఎత్తేవాళ్ళే లేకుండా చేసుకున్నాడు. బావ పోయాక అక్క వచ్చి ఆయనతోనే ఉంటోంది. ముందు గదిలో కిటికీ కింద ఆవిడ కుట్టుమిషను, ఎదురు గోడకి ఆయన బల్ల. ఇద్దరూ వీపులు తిప్పుకుని పొద్దంతా పనిచేస్తారు. నోళ్ళు మాత్రం ఆగవు.

ఆయన కంప్యూటరులో విండోస్ బదులు ఉన్నది లైనక్సు. ప్రెస్సులో ఒకప్పుడు అన్ని మిషన్లకీ అదే ఎక్కించారు. మిగతావాళ్ళు గొణుక్కుంటూ నేర్చుకుంటే ఈయన ముచ్చటపడి నేర్చుకున్నాడు. ఏ ఫైలు ఎక్కడుందో తెరిచి చూసుకోవచ్చు, నచ్చనిది మార్చుకోవచ్చు, చెడితే తనే బాగుచేసుకోవచ్చు. "నా మిషను మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు," అని చెప్పుకోవడం ఆయనకి గొప్ప.

ఆ నెలలో చేతిలో ఉన్న పని ఎలక్ట్రీషియన్లకి శిక్షణ పుస్తకం. రెండు వందల అరవై పేజీలు, పేజీకో వైరింగు బొమ్మ. స్విచ్చి నుంచి బల్బుకి, బల్బు నుంచి ఫ్యూజుకి సన్నటి గీతలు. నూటతొంభయ్యో పేజీ దగ్గర ఆయనకి చిరాకు మొదలైంది. గీతల అంచులు తడిచేత్తో అలికినట్టుగా ఉన్నాయి. పక్కపక్కనే రెండు గీతలుంటే మధ్య సందు కనపడటం లేదు. తెర తుడిచాడు. కళ్ళద్దాలు తుడిచాడు. తెర వెలుగు పెంచి చూశాడు, తగ్గించి చూశాడు.

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళరాదట్రా?" అంది అక్క, మిషను ఆపకుండానే.

"నా కళ్ళకేం వచ్చింది? గ్రాఫిక్స్ కార్డు సరిగ్గా గియ్యడం లేదు. డ్రైవరు పాతబడింది."

"డ్రైవరెవడు?"

కంప్యూటరులో తెరమీద బొమ్మ వేసే భాగం గ్రాఫిక్స్ కార్డు. దానితో మాట్లాడి పని చేయించే ప్రోగ్రాముని డ్రైవరంటారు. ఈ సంగతి ఆయన ఓపిగ్గా చెప్పాడు. అక్క అంతా విని, "అయితే వాణ్ణి మార్చు," అంది.

మార్చాడు. కష్టాలన్నీ అక్కణ్ణుంచే.

ఆ కార్డు పదేళ్ళ నాటిది. దానికి సరిపడే పాత డ్రైవరు లైనక్సు వాళ్ళే సర్ది ఇచ్చింది అప్పటికే ఉంది. ఆయన దాన్ని తియ్యకుండానే, కార్డు కంపెనీవాళ్ళ కొత్త డ్రైవరు తెచ్చి దానిమీద ఎక్కించబోయాడు. ఎక్కేముందు అది రెండుసార్లు అడిగింది. ఇప్పటికే ఒక డ్రైవరుంది, అయినా ఎక్కించనా? లైనక్సుతోపాటు పుట్టుకతో వచ్చే ఇంకో డ్రైవరు కూడా ఉంది, దాన్ని లేవకుండా ఆపెయ్యనా? మామూలుగా అయితే అలాంటి ప్రశ్న దగ్గర ఆగి, టీ తాగి, మళ్ళీ చదివే మనిషే. కానీ ఆ అక్షరాలు కూడా అలికినట్టే ఉన్నాయి. చదవడానికి కష్టపడాల్సి వచ్చేసరికి విసుగొచ్చి రెండింటికీ ఊఁ కొట్టేశాడు.

కంప్యూటరు ఆగి, మళ్ళీ లేచింది. తెర మాత్రం లేవలేదు. నల్లటి తెరమీద పై మూలన చీమలబారులా నాలుగు తెల్ల వరసలు. కింద ఒక గీత మినుకుమినుకుమంటోంది.

పాయింటు గారు మిషను ఆపి, మళ్ళీ వేసి చూశాడు.

పోనీ ఆ వరసల్లో ఏముందో చదువుదామంటే, రోజూ అక్షరాన్ని పెద్దది చేసి చూపించే సదుపాయం బొమ్మల తెరతోపాటే పోయింది. పెద్ద తెర కావడంతో ఉత్త అక్షరాలు మరీ నలుసుల్లా పడుతున్నాయి. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగాడు. ఊపిరికి అద్దం మసకబారింది. అంతే తప్ప ఒక్క అక్షరం పట్టుబడలేదు.

ఆయనకి తెలిసిన మనుషుల్లో ఇలాంటివి విప్పగలిగినది ఒక్కతే. ఒకప్పుడు ప్రెస్సులో ఆయన దగ్గర పేజీలు కట్టడం నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు వేరే ఊళ్ళో, ఒక పెద్ద ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకుంటోంది. మధ్యాహ్నం భోజనం వేళకి గానీ ఫోనెత్తదు. అంతదాకా ఆయన కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు.

"సార్, ఎన్నాళ్ళకి! ఎలా ఉన్నారు?"

"నేను బానే ఉన్నానమ్మా. మిషనే పడిపోయింది," అని జరిగింది చెప్పాడు.

ఆ అమ్మాయి కార్డు ఎప్పటిదో అడిగింది. తరవాత నిదానంగా చెప్పింది. "సార్, మీ కార్డు పాతది కదా. కొత్త డ్రైవరు దాన్ని గుర్తుపట్టదు. పాత డ్రైవరు ఫైళ్ళ మీద కొత్తవి పడిపోయాయి. పుట్టుకతో ఉన్నదాన్ని మీరే ఆపమన్నారు. ఇప్పుడు లోపల మూడున్నాయి, మూడూ పనిచెయ్యవు. భయపడకండి, మీ పేజీలకేం కాలేదు. తెరమీద ఏం రాసుందో ఓ ఫోటో తీసి పంపండి."

"నాది బటన్ల ఫోనమ్మా."

"ఇంట్లో ఇంకెవరిదైనా?"

"అక్కదీ అంతే."

"పక్కవాళ్ళనడగండి సార్. నిమిషం పని."

పక్కవాళ్ళొస్తే ఆయన తెర ముందు ఎలా వంగుతున్నాడో చూస్తారు. చూస్తే నలుగురికీ చెబుతారు. ఆ నలుగురిలో ఒకరి ద్వారానైనా పుస్తకాలు పంపే ప్రెస్సు మేడం చెవిన పడుతుంది. పేజీలు కట్టేవాడికి కళ్ళు కనపడటం లేదని తెలిస్తే ఇంకో పుస్తకం ఎవరిస్తారు? ఇదంతా ఆయన మనసులో ఎంతోకాలంగా ఉన్నట్టే చకచకా సాగిపోయింది.

"పక్కింట్లో ఎవరూ లేరమ్మా. నువ్వు చెప్పు, నేను చదివి వినిపిస్తాను," అన్నాడు.

ముందు అక్షరం పెద్దది చేసే కమాండు చెప్పింది. తెర చూడకుండా కొట్టడం ఆయన వేళ్ళకి అలవాటే. కొట్టాడు. అక్షరం పెరిగింది. "ఇప్పుడు బాగా కనపడుతోందా సార్? అంతకంటే పెద్దది కాదు మరి," అంది అమ్మాయి. ఆయన ఊఁ అన్నాడు. పెరిగిన మాట నిజమే. అంతకుముందు చిన్న మసక ఉండేది, ఇప్పుడు పెద్ద మసక ఉంది.

తరవాత కొత్త డ్రైవరుని తీసెయ్యడానికి ఓ కమాండు, ఆపేసిన డ్రైవరుని విడిపించడానికి ఇంకోటి చెప్పింది. ఆపమని రాసిన ఫైలు ఒకటుంటుంది, అదున్న ఫోల్డరులోని ఫైళ్ళ జాబితా తీసి, దాని పేరు చూసి చెరిపెయ్యాలి. "పేర్లు చూసి పెట్టుకోండి సార్, నాకు మీటింగుంది, రేపు ఇదే వేళకి చేస్తాను," అని ఫోను పెట్టేసింది.

ఆయన జాబితా తీసే కమాండు కొట్టాడు. తరవాత వెనక్కి తిరక్కుండానే పిలిచాడు.

"అక్కా."

"ఏంట్రా?"

"ఇలా వచ్చి ఇది చదువు."

అక్క మిషను ఆపింది. అరవైనాలుగేళ్ళు వచ్చినా సూదిలో దారం ఒక్క ఊపులో ఎక్కించే కళ్ళు ఆవిడవి. కానీ ఇంగ్లీషు ఆవిడకి పెద్దబడి, అంటే క్యాపిటల్ అక్షరాల్లోనే తెలుసు. చొక్కాల సైజులు, అట్టపెట్టెల మీద పేర్లు, అంతవరకే. తెరమీద ఉన్నవన్నీ చిన్నబడి. అందులో సగం ఆవిడకి కొత్త మొహాలే.

"మొదటిది... నిలువు కర్ర, కుడిపక్క కింద పొట్ట."

"బి. తరవాత?"

"ఒట్టి కర్ర."

"దాని నెత్తిన చుక్కుందా?"

"చుక్కేం లేదు, బోడిది. ఆ తరవాత పొట్టా, పక్కనే ఆనుకుని చిన్న కాలూ. దాని తరవాత నోరు తెరుచుకున్న సున్నా."

అలా ఒక్కో పేరూ కూడబలుక్కుని, ఆయన కళ్ళు మూసుకుని మనసులో రాసుకుంటూ, పద్నాలుగు ఫైళ్ళ పేర్లు ముగించేసరికి కిటికీలోంచి పడ్డ ఎండ బల్లమీద నుంచి గోడమీదికెక్కింది. తొమ్మిదో పేరు దొరికింది. అదే దొంగ. ఆయన హుషారుగా చెరిపే కమాండు కొట్టాడు.

"ఏమంటోంది?"

అక్క కళ్ళు చికిలించి చాలాసేపు చదివింది. రెండు పొట్టలూ నాలుగు కర్రలూ అయ్యాక ఆయనకి అర్థమైంది. అలాంటి ఫైలేదీ లేదంటోంది.

"సరిగ్గా చూశావా?"

"నా కళ్ళకేం వచ్చింది?" అంది అక్క. అన్నాక తనే నాలిక్కరుచుకుంది.

మళ్ళీ చదివించాడు. మళ్ళీ కొట్టాడు. లేదంది. మూడోసారి చదివేటప్పుడు అక్క గొంతు బొంగురుపోయింది. కుట్టాల్సిన జాకెట్లు నాలుగు అలాగే ఉండిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం అమ్మాయికి ఫైలు లేదని చెప్పాడు. "లేకపోతే గొడవ వేరే చోటుందన్నమాట," అని ఆ అమ్మాయి ఇంకో దారి పట్టించింది. పాత డ్రైవరుని మళ్ళీ ఎక్కించే కమాండు చెప్పింది. అది ఎక్కనని మొరాయించింది. కొత్తది మిగిల్చిన ముక్కలకీ తనకీ పొత్తు కుదరదు, ముందు వాటిని తియ్యి అంటోందట. వాటిని తియ్యబోతే, వాటిమీద ఆధారపడ్డవి ఇంకో పదకొండు పోతాయి, సరేనా అని అడుగుతోంది. ఆ పదకొండింటి పేర్లూ అక్క చదవాలి. ఐదో పేరు దగ్గర ఆవిడ మడత కుర్చీలోకి కూలబడింది.

"నా వల్ల కాదురా. తల ప్రాణం తోకకొచ్చింది. ఇదేం చదువు, ఒత్తూ గుణింతం లేని పొట్టలూ కర్రలూ!"

"ఇంకా ఆరే ఉన్నాయక్కా."

"ఉండనీ."

"ఎల్లుండి మేడం ఫోను చేస్తుంది. ఏం చెప్పను?"

"మిషను పాడైందని చెప్పు. మనుషుల మిషన్లు పాడవ్వవా?"

ఆయన తెరవైపు తిరిగాడు. అది అడిగిన ప్రశ్నకి ఊఁ అనాలో ఊహూఁ అనాలో తెలియక, ఏదో ఒకటి కొట్టడానికి భయపడి, కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ పనిలో ఏం చెయ్యాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకోవడం ఆయనకి ఇదే మొదటిసారి.

మూడోరోజు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళాడు. వచ్చేసరికి ముందు గదిలో కింది వాటా నర్సమ్మ నిలబడి ఉంది. రాత్రి డ్యూటీ దిగి, ఇంకా ఆస్పత్రి బట్టల్లోనే ఉంది. చేతిలో ఫోను. పక్కన అక్క, తప్పు చేసిన మొహంతో కాదు, అదేం లేనట్టు నడుం మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"ఎవరు పిలవమన్నారు నిన్ను?" అన్నాడు ఆయన అక్కతో.

"నేనే పిలిచాను. నువ్వు వద్దంటావని నువ్వు లేనప్పుడు పిలిచాను."

"బాబాయిగారూ, ఒక్క ఫోటోనే కదా," అంది నర్సమ్మ. "నంబరు చెప్పండి, పంపించేస్తాను. ఫైళ్ళ జాబితా ఏదో కావాలన్నారట కదా?"

ఆయన బల్లముందు కూర్చుని జాబితా కమాండు కొట్టాడు. అలవాటుగా వంగి, తల పక్కకి తిప్పి, కంటి చివరి నుంచి తెరని చూశాడు. అలా చూస్తే కొంచెం మేలుగా ఉంటోందని కొన్నాళ్ళ కిందటే తెలిసింది. నర్సమ్మ ఫోటో తీసి పంపింది. ఫోను దించకుండా అలాగే నిలబడి ఆయన్నే చూస్తోంది.

పావుగంటలో అమ్మాయి నుంచి ఫోను, ఆవేళ ఆఫీసుకి సెలవట. నర్సమ్మ స్పీకరు పెట్టింది.

"సార్, ఫైలుంది! తొమ్మిదోది. పేరులో మధ్య మధ్య అడ్డగీతలున్నాయి, చూడండి. ఆ గీతలతో సహా కొట్టాలి."

ఆయన నెమ్మదిగా అక్కవైపు తిరిగాడు.

"గీతలున్నాయా?"

"ఉన్నాయి," అంది అక్క. "నువ్వు అక్షరాలు చదవమన్నావు. గీతలు చదవమన్నావా? గీతలు గుడ్డమీద కూడా ఉంటాయి, వాటిని చదువుతామా?"

నర్సమ్మ ఫక్కున నవ్వింది. ఫోనులో అమ్మాయి నవ్వింది. పాయింటు గారు మాత్రం అప్పటికే గీతలతో సహా కమాండు కొడుతున్నాడు.

ఫైలు పోయింది. కొత్త డ్రైవరు మిగిల్చిన చెత్తంతా ఒక్కో ఫోటో ప్రకారం ఊడ్చారు. పాత డ్రైవరు ఈసారి పేచీ పెట్టకుండా ఎక్కింది. మళ్ళీ మొదలుపెట్టమంది అమ్మాయి. తెర నల్లబడి, ఒక నిట్టూర్పంత సేపు అలాగే ఉండి, ఒక్కసారిగా వెలిగింది. నీలం రంగు, పక్కన బొమ్మల వరస, మధ్యలో పేరు అడిగే పెట్టె. అక్క చప్పట్లు కొట్టింది.

"వచ్చిందా సార్?"

"వచ్చిందమ్మా. నీ మేలు మర్చిపోను."

"అయ్యో, అదేం మాట సార్!" అని అమ్మాయి పెట్టేసింది.

ఆయన నూటతొంభయ్యో పేజీ తెరిచాడు. స్విచ్చి నుంచి బల్బుకి పోయే రెండు గీతలు. పేజీని రోజూ పెట్టుకునేంత పెద్దది చేశాడు. ఇంకొంచెం పెంచాడు. ఇంకొంచెం. తెర నిండా ఒక్క స్విచ్చి బొమ్మ మిగిలింది. దాని గీతలు కూడా అలికినట్టే ఉన్నాయి. మధ్యలో, తను ఎక్కడ చూస్తే అక్కడ, ఒక బూడిదరంగు మరక కూర్చుంటోంది. తల తిప్పితే అదీ కదులుతోంది.

మూడు డ్రైవర్లలో దేనిదీ తప్పు కాదు.

"అక్కా, ఇక్కడ రెండు గీతలున్నాయి. విడివిడిగా ఉన్నాయా, కలిసిపోయాయా?"

అక్క తొంగి చూసింది. "విడివిడిగానే ఉన్నాయిరా. మధ్యలోంచి దారం పోతుంది."

"శుభ్రంగా ఉన్నాయా?"

"కత్తిరించినట్టున్నాయి."

ఆయన తల ఊపాడు. నర్సమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"బాబాయిగారూ, తల పక్కకి పెట్టి చూడటం ఎన్నాళ్ళ నుంచి?"

"డ్రైవరు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "నాలుగు నెలలైంది," అన్నాడు.

"ఇవాళ నిద్రపోయి లేచాక సాయంత్రం నేనే తీసుకెళ్తాను. మా ఆస్పత్రిలో కళ్ళ డాక్టరుంటారు. రానంటే కుదరదు."

వెళ్ళాడు. కంట్లో మందు వేసి, గడ్డం ఒక చెక్కమీద ఆనించమని, ఎర్ర చుక్కనే చూడమన్నారు. చుక్క ఎక్కడుందో ఆయనకి కనపడలేదు. కనపడలేదని చెప్పడానికి నోరు రాక, ఉందనుకున్నచోట చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు తన తెరమీద పడ్డ కంటి లోపలి బొమ్మని తిప్పి చూపించబోయి, చూపించి లాభం లేదని తట్టి మాటల్లో చెప్పాడు. కంటి వెనక పొర మధ్యభాగం దెబ్బతింది. కుడికంట్లో బాగా, ఎడమకంట్లో ఇప్పుడిప్పుడే. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి నెలనెలా ఇంజెక్షను వెయ్యాలి, చుక్కలు వేసుకోవాలి.

"తీసేసి కొత్తది పెట్టడానికేం లేదా?" అని అడిగాడు ఆయన.

"ఈ పొరకి లేదండీ. నాలుగు నెలల కిందట వచ్చుంటే..." అని డాక్టరు మిగతాది మింగేశాడు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నర్సమ్మ ఏదో చెబుతూనే ఉంది. ఆయన ఎదురుగా వస్తున్న బళ్ళ లైట్లని లెక్కపెట్టబోయాడు. ఒక్కో లైటూ చుట్టూ బూజు పట్టిన గుండ్రమై, దగ్గరికి వచ్చి, పక్కకి జారి, అప్పుడు స్పష్టంగా కనపడి వెళ్ళిపోతోంది.

మర్నాడు ప్రెస్సు మేడంకి తనే ఫోను చేశాడు. మూడురోజులు సాధన చేసిన అబద్ధాలన్నీ ఉన్నాయి గానీ ఒక్కటీ నోటికి రాలేదు.

"మేడం, మిగతా డెబ్భై పేజీలూ నేను కట్టలేను. కళ్ళు కనపడటం లేదు."

ఎన్నాళ్ళ నుంచని ఆవిడ అడిగితే చెప్పాడు. తరవాత ఆవిడ, "అయ్యో, ముందే చెప్పకపోయారా?" అంది. అందులో కోపం లేదు. కోపముంటే ఆయనకి కొంచెం తేలికగా ఉండేది. వేరే కుర్రాడికి ఇప్పిస్తానని, ఫైళ్ళు సర్ది ఉంచమని చెప్పింది. బొమ్మలు లేని ఉత్త కథల పుస్తకాలేమైనా ఉంటే పంపుతానంది. ఉంటే అంది.

ఇప్పుడు ఆయన రోజుకి రెండు గంటలు కూర్చుంటాడు. వరసకి ఆరో ఏడో అక్షరాలు పట్టేంత పెద్దవి చేసుకుని, తల పక్కకి తిప్పి, నెలకి ఒకటి వచ్చే చిన్న పుస్తకం కడతాడు. రోజుకి ఇరవై పేజీల మనిషికి నాలుగైనా సాగడం లేదు. ఎడమకన్ను ఎంతకాలం ఉంటుందో డాక్టరు చెప్పలేదు, ఆయన అడగలేదు. కంప్యూటరు మాత్రం నిక్షేపంలా ఉంది. ఒక్కరోజు కూడా మళ్ళీ పేచీ పెట్టలేదు.

పది గంటలకి అక్క కుట్టుపని ఆపి, చుక్కల సీసా పట్టుకుని వస్తుంది.

"తలెత్తు. కదలకు."

ఆయన కుర్చీ వెనక్కి తల వాల్చి, పైకప్పు ఉండాల్సిన వైపు చూస్తాడు. మొదటి చుక్క ఎప్పుడూ రెప్పమీద పడుతుంది.

"వెధవ అంగుస్తాను అడ్డొస్తోంది," అంటుంది అక్క, సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకున్న ఆ తొడుగు తీసి బొడ్లో దోపుకుంటూ. "ఇంకోసారి. ఆఁ, తెరిచే ఉంచు."